పైడి చెవి ఉన్న డిస్కు

కార్తీకం, మొదటి సోమవారం

ఈ రోజు చేసిన పనులు: తొమ్మిదో గది ఫ్యానుకు బేరింగు, నీళ్ల పంపుకు కొత్త వైరు, ముగ్గురి టార్చిలైట్లు. వీటిలో ఒక్కదానికీ నేను అక్కర్లేదు. చేతులున్న ప్రతివాళ్లూ చేసుకోవచ్చు. కానీ మూడో సొరంగంలో స్క్రూ వదులైతే చాలు, బంగారమ్మ ఏది అంటారు. పని చేసినవాళ్లు ఏం చేశారో రాసి పెట్టాలని కట్టుబాటు కాబట్టి రాస్తున్నాను. ఉపవాసం వల్ల ఈ రోజు నోరు కొంచెం ఎక్కువ లేచింది, అది కూడా రాస్తున్నాను.

మధ్యాహ్నం ఆస్పత్రి గది ఆయా నూకరత్నం వచ్చింది. పాత తువ్వాలులో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీద ఆస్పత్రి కంప్యూటరు డిస్కు తెచ్చింది. వెనకాల కొంగు పట్టుకుని కూతురు పైడి. ఏడేళ్ల పిల్ల. నూకరత్నం నన్ను అప్పా అంటుంది, అక్కా అన్నట్టు.

"అప్పా, ఇది తిరగతం నేదు. టిక్కు టిక్కు మని ఆగిపోతంది."

"ఎన్నిసార్లు తిప్పినారు?"

"సానాసార్లు."

"ఒకసారి తిరగనిదాన్ని సానాసార్లు ఎందుకు తిప్పినారే?"

ఆమెను తిట్టి లాభం లేదు, అందరూ అంతే.

పైడి పుట్టు చెవిటి. కింద ఊళ్లు ఉన్న రోజుల్లో, సముద్రం పైకి వచ్చి మేం ఈ కొండ సొరంగంలోకి చేరకముందే, తలలో సన్న తీగ పెట్టించారు. చెవి వెనక తగిలించే యంత్రం బయటి చప్పుడును ఆ తీగకు పంపుతుంది. ఏ చప్పుడును ఎంత పంపాలన్నది ఒక్కో పిల్లకు ఒక్కోలా ఉంటుంది. మా డాక్టరమ్మ నెలల తరబడి పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆ కొలతలు కుదిర్చింది. డాక్టరమ్మ పోయినేడు జ్వరాల్లో పోయింది. మొన్నామధ్య పైన సోలారు పలకల మీద పిడుగు పడినప్పుడు పిల్ల యంత్రం చార్జింగులో ఉంది. కొలతలన్నీ చెరిగిపోయి యంత్రం కొత్తదానిలా అయిపోయింది. ఇప్పుడది చెవి వెనక బొమ్మ. కొలతల ఫైలూ, దాన్ని యంత్రంలోకి ఎక్కించే ప్రోగ్రామూ ఉన్నది ఈ డిస్కులోనే.

"పిలిస్తే తిరిగి సూడదప్పా. నిన్న నీళ్లు అడగడానికి మాట రాక గ్లాసు సూపించినాది. ఇనబడకపోతే మాట కూడా ఎల్లిపోద్దని డాక్టరమ్మ సెప్పేది."

చూస్తాను, ఆశ పెట్టుకోవద్దు అన్నాను. ఆశ పెట్టుకోవద్దంటే ఎవరూ మానరు.

కార్తీకం, మంగళవారం

డిస్కు అడుగున ఉండే పచ్చ సర్క్యూటు పలక విప్పాను. కింద చీమలు. చచ్చిన ఎర్ర చీమలు, ఎండిన పాకం లాంటి దాంట్లో అతుక్కుని ఉన్నాయి. గోటితో గీకి వాసన చూశాను. కొబ్బరినీళ్లు. పైమూత తిప్పి చూస్తే పసుపు చారికలు, మధ్యలో కుంకుమ బొట్టు.

దసరాకు ఆయుధ పూజ చేశారన్న మాట. మనవాళ్లకు కత్తీ, లారీ, కంప్యూటరూ అన్నీ ఒకటే. బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టాల్సిందే. కొట్టండి, వద్దనలేదు. పక్కన నేల మీద కొట్టుకోవచ్చు కదా. ఈ డిస్కులకు గాలి పీల్చుకునే చిన్న కన్నం ఉంటుంది. ఆ నీళ్లు అందులోంచి లోపలికి దిగాయి. అద్దంలా ఉండాల్సిన పళ్లేల మీద తీపి మరక ఎండిపోయి ఉంటుంది. దాని మీద వెంట్రుక వాసి ఎత్తులో సూది తిరగాలి.

"ఎవులు సేసినారో గాని, ఆళ్లని సొరంగం మొగన తల్లకిందులుగా యేలాడదీయాల" అన్నాను. ఇంకా చాలా అన్నాను. నూకరత్నం నాకు లైటు పట్టుకుని నిలబడింది.

పలకను స్పిరిటుతో కడిగాను. సాయంత్రానికి డిస్కు తిరిగింది. పట్టి పట్టి తిరుగుతోంది, మధ్యమధ్య టిక్కుమంటోంది. ఫైళ్ల జాబితా ఉండే చోటు పూర్తిగా పోయింది. పైడి ఫైలు ఎక్కడుందో డిస్కుకే తెలియదు. ఇలాంటిదాంట్లో వెతుకుతూ కూర్చుంటే వెతుకులాటకే చస్తుంది. దారి ఒకటే. ఉన్నది ఉన్నట్టు, మొదటి నుంచి చివరి దాకా, ఇంకో డిస్కు మీదకు దించెయ్యాలి. తర్వాత ఆ నకలులో తీరిగ్గా వెతుక్కోవచ్చు.

దించే ప్రోగ్రాము నా దగ్గర ఉంది. రాసినవాడు ఎవడో గానీ జబ్బు మనిషికి సేవ చేసినవాడే అయ్యుంటాడు. ముందు బాగున్న చోటంతా తీసేసుకుంటుంది. గాయం తగిలితే గొడవ పెట్టుకోకుండా దాటి వెళ్లిపోతుంది. అంతా అయ్యాక వెనక్కి వచ్చి ఆ గాయాల దగ్గర కొంచెం కొంచెం కెలుకుతుంది. దొరికిన చోటు తెర మీద పచ్చ గడి, దొరకనిది ఎర్ర గడి.

లేనిది రెండో డిస్కు. దీనంత పెద్దది కావాలి, ఖాళీగా ఉండాలి. డిస్కులు చేసే ఊరు ఏదీ ఇప్పుడు లేదు. ఖాళీ డిస్కు అంటే ఎవరిదో చెరపాలి.

కార్తీకం, గురువారం

రెండు రోజులు గది గదికీ తిరిగాను. ఇది కాకుండా అంత పెద్ద డిస్కులు సొరంగం మొత్తంలో నాలుగే ఉన్నాయి. ఒకటి నీళ్ల పంపుది, దాన్ని ముట్టుకుంటే అందరం దాహంతో పోతాం. ఒకటి బడిది, పిల్లల పాఠాలన్నీ అందులోనే. మూడోది సొరంగం పెద్ద అసిరినాయుడిది.

అసిరినాయుడు నన్ను కూర్చోబెట్టి జావ ఇచ్చాడు. డిస్కు మాట ఎత్తగానే తన జావ గ్లాసు కింద పెట్టాడు.

"దాన్లో నా కూతురు పెళ్లుంది. పెళ్లి మాత్రమే ఉంది, అమ్మి నేదు. నాను సచ్చినా ఇయ్యను. తప్పనుకోకు."

"బతికున్న పిల్ల నాయుడూ. మాట పోతంది."

"నాకు తెల్దా? నా కళ్లముందు పెరిగిన పిల్ల. అయినా ఇయ్యను." కోపం లేకుండానే అన్నాడు. "నాలుగోది నీ కాడే ఉంది గదా. నువ్వు సెరిపీసుకో."

జావ తాగకుండా వచ్చేశాను. ముసలోడికి ఎంత ధైర్యం అని దారంతా పళ్లు నూరుకున్నాను. గదికి వచ్చి కూర్చున్నాక తెలిసింది, రెండు రోజులుగా ఎక్కడెక్కడో తిరిగింది ఆ మాట నాకు నేను చెప్పుకోకుండా ఉండటానికేనని.

నా డిస్కులో మా వరహాలు ఉన్నాడు. నా కొడుకు. సముద్రం వచ్చిన రోజు, జనాన్ని గట్టెక్కించడానికి పడవ మీద మూడోసారి వెళ్లి తిరిగి రాలేదు. వాడికి ఫోనుతో వీడియోలు తీసే పిచ్చి. వల లాగుతూ తీస్తాడు, అన్నం తింటూ తీస్తాడు, నన్ను ఏడిపిస్తూ తీస్తాడు. అవన్నీ ఉన్నాయి. సొరంగానికి వచ్చాక ఒక్కటీ చూడలేదు. తిప్పిన కొద్దీ అరుగుతుందని భయం. ఉందిలే, పాడవకుండా ఉందిలే అనుకుంటూ నిద్రపోయేదాన్ని.

కార్తీకం, శుక్రవారం

చెరిపాను.

ముందు కొన్ని చూశాను. అన్నీ చూడాలనుకున్నాను గానీ, ఎండ ఉన్నంతసేపే కరెంటు, కరెంటు ఉన్నంతసేపే పని. వాడి గొంతు నేను గుర్తుపెట్టుకున్న గొంతు కాదు. ఇన్నాళ్లూ లోపల ఇంకెవరి గొంతో పెట్టుకుని అదే వాడిదనుకున్నాను. అసలు గొంతు సన్నగా ఉంది, కొంచెం ముక్కుతో మాట్లాడతాడు. అది తెలిసిన రోజే చెరపాల్సి వచ్చింది.

ఒక చిన్న ముక్క మాత్రం ఉంచుకున్నాను. నా కంప్యూటరులో ప్రోగ్రాములకు పోను దోసెడు చోటు ఉంది, అందులో దాచాను. వాడు చేపల పులుసు రుచి చూసి, "ఉప్పు మర్సిపోనావే అమ్మా, ఎవల మీద జ్ఞాపకం?" అని నవ్వుతాడు. అంతే. అంతకన్నా పెద్దది పట్టలేదు.

నూకరత్నానికి ఖాళీ డిస్కు దొరికిందని చెప్పాను. ఎక్కడిదని అడిగింది. నీకెందుకే అన్నాను.

కార్తీకం, రెండో సోమవారం

పని మొదలైంది. మట్టికుండలో చల్లటి నీళ్లు పోసి, మీద ఇత్తడి పళ్లెం బోర్లించి, పళ్లెం మీద జబ్బు డిస్కును పెట్టాను, వేడెక్కకుండా. పక్కన నా డిస్కు. నా డిస్కు అనకూడదేమో ఇక.

పైడి రోజూ వస్తోంది. డిస్కు పక్కన పళ్లెం మీద అరచెయ్యి ఆనించి కూర్చుంటుంది. తిరిగితే తల ఊపుతుంది, టిక్కుమంటే నా వంక చూస్తుంది. నా చెవుల కంటే ముందు దాని చేతికి తెలుస్తోంది. తెర మీద పచ్చ గళ్లు బారులు తీరాయి. ఇంత పచ్చ వస్తుందని నేను అనుకోలేదు. నూకరత్నం ముఖం చూస్తే భయమేసింది, అప్పుడే పిల్ల విన్నట్టు ఉంది ఆ ముఖం.

"అప్పా, పచ్చంతా మనదే గదా?"

"పచ్చలో ఏటుందో సివరిదాకా తెల్దు. పొంగిపోకు."

అన్నాను గానీ, నేనూ కొంచెం పొంగాను. రాత్రి అన్నం రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

కార్తీకం, బుధవారం

బాగున్న చోట్లు అయిపోయాయి. ఇప్పుడు ప్రోగ్రాము గాయాల దగ్గరకు వెనక్కి వచ్చింది. గడి గడికీ డిస్కు మూలుగుతోంది. కాసేపు తిప్పి కాసేపు ఆపుతున్నాను. ఆపినప్పుడల్లా మళ్లీ తిరుగుతుందో లేదో తెలియదు. గుడిలేని చోట దణ్ణం పెట్టుకుంటున్నాను, కొబ్బరికాయ లేకుండా.

కార్తీకం, శనివారం

మధ్యాహ్నం పని ఆగిపోయింది. డిస్కు ఆగలేదు, ప్రోగ్రాము ఆగింది. చోటు లేదంది.

ఏ గడి దొరికింది, ఏది దొరకలేదు, దేనికి మళ్లీ ప్రయత్నించాలి అని అది ఒక పటం రాసుకుంటూ పోతుంది. పటం లేకపోతే మొదటి నుంచి మళ్లీ తిప్పాలి, ఈ డిస్కు అది తట్టుకోలేదు. పెద్ద గాయం ఒక్కటైతే పటం చిన్నది. ఇక్కడ కొబ్బరినీళ్లు చుక్కలు చుక్కలుగా చిందాయి. వేల చిన్న గాయాలు, ఒక్కోదానికి ఒక్కో గీత. పటం పెరిగి పెరిగి నా కంప్యూటరులో ఉన్న చోటంతా తినేసింది. మిగిలింది వరహాలు ముక్క ఒక్కటే.

వేరే ఎక్కడైనా పెట్టొచ్చా అని ఆలోచించాను. బడిదాకా వెళ్లి చోటు అడిగి వచ్చేలోగా ఇది చావొచ్చు, ఆపితే మళ్లీ తిరగకపోవచ్చు. డిస్కు తిరుగుతూనే ఉంది, ఉత్తినే అరుగుతోంది. పైడి పళ్లెం మీద చెయ్యి పెట్టి నా వంక చూస్తోంది. పని ఎందుకు ఆపావని అడుగుతున్నట్టు.

నూకరత్నం తెర చూసింది. అందులో ఒక పేరు, పక్కన చెరపమంటావా అని అడిగే గడి. ఆమెకు చదువు రాదు గానీ నా వేలు ఆ గడి మీదే ఆగిపోవడం కనబడుతుంది.

"ఏటప్పా అది?"

"ఏటీ నేదు. సెత్త."

నొక్కాను. పని మళ్లీ మొదలైంది. ఆ సాయంత్రం ఎరుపులోంచి నాలుగు గళ్లు పచ్చగా మారాయి. నాలుగే.

ఇప్పుడు కూర్చుని వాడి గొంతు గుర్తు తెచ్చుకుందామంటే, వారం కిందట విన్న సన్న గొంతు రావడం లేదు. ఇన్నాళ్లూ నేను కల్పించుకున్న ఆ పాత గొంతే వస్తోంది. అది వాడిది కాదని ఇప్పుడు నాకు తెలుసు. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

కార్తీకం, మూడో సోమవారం

నూకరత్నం ఉదయాన్నే వచ్చింది. సొరంగంలో మాట దాగదు, చెరిపిన డిస్కు నాదేనని అసిరినాయుడి ఇంట్లో ఎవరో చెప్పారట. గుమ్మంలోనే కూలబడింది.

"కొబ్బరికాయ కొట్టింది నానే అప్పా."

నేను డిస్కు మీదనుంచి తల ఎత్తలేదు.

"పిల్ల సెవి దాన్లో ఉందని డాక్టరమ్మ సెప్పింది గదా. అందరూ కత్తులకీ పారలకీ పూజ సేసుకున్నారు. నాకున్నదల్లా అదే గదా, దానికి సేసినాను. సల్లగా ఉండాలని నీళ్లు కొంచెం దాని మీద పోసినాను. నువ్వు తిడతంటే సెప్పడానికి నోరు రానేదు."

తలకిందులుగా వేలాడదీయాలన్న మాట నాకు గుర్తుంది. ఆమెకు అంతకంటే బాగా గుర్తుండి ఉంటుంది. తిడదామని నోరు తెరిచాను. నా కొడుకును చెరిపించావు కదే అందామనుకున్నాను. ఆమె వెనక పైడి నిలబడి మా ఇద్దరి నోళ్లూ మార్చి మార్చి చూస్తోంది. ఏం జరుగుతోందో దానికి తెలియదు.

"లెగు. కుండలో నీళ్లు మార్సు" అన్నాను. క్షమించానని కాదు. క్షమించలేదు. పని ఉంది, కుండలో నీళ్లు వేడెక్కాయి, అందుకని అన్నాను.

ఆమె లేచి నీళ్లు మార్చింది.

కార్తీకం, చివరి ఆదివారం

పైడి పళ్లెం మీదనుంచి చెయ్యి తీసేసింది. నాకు ఇంకా తిరుగుతున్నట్టే ఉంది. తెర చూస్తే గడి కదలడం లేదు. చెవి పెట్టి విన్నాను. లోపల చప్పుడు లేదు.

ఆపి, చల్లార్చి, మళ్లీ తిప్పాను. తిరగలేదు. గంట ఆగి తిప్పాను. తిరగలేదు. ఇక తిరగదు.

ఎంత వచ్చిందో అంతే. నకలులో వెతకడం మొదలుపెట్టాను. పేర్లు పోయాయి కాబట్టి లోపలి రాత తీరు చూసి ఏది ఏదో పోల్చుకోవాలి. చాలా దొరికాయి. ఎవరి జ్వరమో, ఎవరి కాన్పో, ఎవరి పంటి ఎక్సురేనో. బాగుపడ్డ వాళ్లవీ, చచ్చిపోయిన వాళ్లవీ, ఎవరికీ అక్కర్లేనివన్నీ చెక్కుచెదరకుండా పచ్చగా ఉన్నాయి. ఇవి ఉండటానికి నా వరహాలు పోయాడు.

ఎక్కించే ప్రోగ్రాము మొత్తం దొరికింది. పైడి కొలతల ఫైలు ఇంకా దొరకలేదు.

మార్గశిరం, బుధవారం

దొరికింది. మొదటి సగం పచ్చలో ఉంది. రెండో సగం ఎరుపులో ఉంది, అంటే అక్కడ ఏమీ లేదు, సున్నాలు. డాక్టరమ్మ కొలతలు ఉరుము లాంటి బొంగురు చప్పుళ్లతో మొదలై ఈల లాంటి సన్న చప్పుళ్లతో ముగుస్తాయి. ఉన్నది బొంగురువి. లేనివి సన్నవి.

తీసుకోవాల్సిన నిర్ణయం నాది కాదు. నూకరత్నానికి ఉన్నదున్నట్టు చెప్పాను.

"సగమైనా సగమే గదప్పా. ఎక్కించీ."

"ఎలాగుంటదో నాకు తెల్దు. పిల్లకి నొప్పెట్టొచ్చు."

"నొప్పెడితే తీసీ. ఎక్కించు."

మార్గశిరం, గురువారం

లక్ష్మివారం మంచిదని నూకరత్నం పిల్లకు తలంటు పోసి, ఉన్నవాటిలో మంచి గౌను వేసి తెచ్చింది. పూజ చెయ్యలేదు. దేనికీ బొట్టు పెట్టలేదు.

యంత్రానికి తీగ కలిపి ఎక్కించాను. ఫైలు సగమే ఉంది, ఎక్కించమంటారా అని ప్రోగ్రాము అడిగింది. ఎక్కించమన్నాను. చెవి వెనక తగిలించి మీట వేశాను.

పైడి ఉలిక్కిపడింది. నొప్పి కాదు. తల ఎత్తి అటూ ఇటూ చూసి, సొరంగం మొగన తిరుగుతున్న పెద్ద ఫ్యాను వైపు వేలు చూపించింది.

"ఫేను" అంది. మాట ముద్దగా వచ్చింది, అయినా అర్థమైంది. నవ్వింది. పరిగెత్తి వెళ్లి నీళ్ల పంపు దగ్గర నిలబడింది. "పంపు" అంది. నేల మీద కాలితో దబదబా కొట్టి, విని, మళ్లీ కొట్టింది.

నూకరత్నం పిల్ల వెనక్కి వెళ్లింది. పిలవడానికి నోరు తడి చేసుకుంది.

"పైడీ."

పిల్ల పంపు వైపే చూస్తోంది.

"పైడీ. ఓలమ్మ పైడీ."

ఆమె గొంతు సన్నది. మామూలప్పుడే సన్నది, ఏడుపుతో ఇంకా సన్నగా వచ్చింది. ముందుకు వచ్చి మోకాళ్ల మీద కూర్చుని మళ్లీ పిలిచింది. పిల్ల ఆ నోటి వంక చూసి నవ్వుతూ నిలబడింది, మాట ఇంకా రావాలన్నట్టు. ఆమె పిలుస్తూనే ఉంది. పిల్ల ముఖంలో నవ్వు కొంచెం కొంచెంగా తగ్గింది. నా దగ్గరకు వచ్చి నా చెయ్యి లాగింది.

"పెద్దమ్మా, నాకు ఇనబడతంది. ఫేను ఇనబడతంది, పంపు ఇనబడతంది." తల్లి వైపు చూపించింది. "అమ్మ మాటాడదేటి? ఉత్తినే నోరు ఆడిస్తంది. నా మీద కోపమొచ్చిందా?"

నేనూ ఆడదాన్నే, నా గొంతూ దానికి వినబడదు. రాసి చూపిద్దామంటే దానికి చదువు రాదు. కోపం లేదని తల అడ్డంగా ఊపాను. నమ్మలేదు.

నూకరత్నానికి మాత్రం ప్రతి మాటా వినబడింది. పిల్లను దగ్గరకు లాక్కుని, రెండు చెంపలూ పట్టుకుని, పైడీ, పైడీ, పైడీ అంటూనే ఉంది. పిల్ల కాసేపు ఆ నోటి వంకే చూసింది. తర్వాత చెంపల మీద చేతులు తప్పించుకుని, ఫ్యాను దగ్గరకు వెళ్లి కూర్చుంది.

డిస్కు పని ముగిసింది.